పాత బేరింగు

మా ఆయనకి చెవుడు. ఈ ముక్క మా ఇంట్లో ఎవరూ పైకి అనరు. అన్నవాళ్ళని ఆయన ఓ చూపు చూస్తాడు, ఆ చూపు పడ్డాక నాలుగు రోజులపాటు ఎవరికీ మెతుకు దిగదు. పిలిస్తే పలకడు. పలకలేదేమండీ అంటే, "పనిలో ఉన్నాను, నువ్వేమో గొణుగుతావు" అంటాడు. నేనా గొణిగేది! నేను నోరు తెరిస్తే పక్క వీధివాళ్ళు కిటికీలు మూసుకుంటారు.

పెళ్ళికి ముందునుంచే ఆయన బతుకంతా కర్ర కోసే మిషన్ల మధ్య. చెవుల్లో కాస్త దూదైనా పెట్టుకోండి అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. "దూది పెట్టుకుంటే కర్ర ఏమంటోందో తెలీదే పిచ్చిదానా" అనేవాడు. ఇప్పుడు కర్ర ఏమంటోందో తెలీదు, పెళ్ళాం ఏమంటోందో అంతకంటే తెలీదు.

ఇంటి వెనక రేకుల షెడ్డే మా కార్ఖానా. ఓ పక్క దుంగలు కోసే రంపం మిషను, ఇంకో పక్క నేను గరుకు కాగితం రుద్ది పాలిష్ పెట్టే బల్ల, నడిమధ్య చిత్రిక మిషను. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. ఆ మిషను మీద ఇనుప బల్ల రెండు ముక్కలుగా ఉంటుంది. ఆ రెంటి మధ్య సందులో రోకలి లావు కడ్డీ ఒకటి గిర్రున తిరుగుతుంటుంది. దానికి రెండు బ్లేడ్లు బిగించి ఉంటాయి. ఎగుడుదిగుడు పలకని ఈ బల్ల మీంచి ఆ బల్ల మీదకి తోస్తే అడుగు పొర లేచిపోయి నున్నగా బయటికొస్తుంది. చేతి చిత్రికతో పూటంతా చేసే పనిని అది రెండు తోపుల్లో ముగిస్తుంది. చెయ్యి అడ్డం వస్తే చేతిని కూడా అంతే, దానికి తేడా తెలీదు.

దాని దొంగబుద్ధి ఇంకోటుంది. స్విచ్చు కట్టేసినా వెంటనే ఆగదు. మోటారు ఆగిపోయాక కూడా కడ్డీ తన ఊపు మీద తాను తిరుగుతూనే ఉంటుంది. పైగా తిరిగేటప్పుడు చూస్తే నున్నటి ఇనుప గొట్టం కదలకుండా పడుకున్నట్టే కనిపిస్తుంది. ఒక్కోసారి బ్లేడ్లు కిందికి ఉండగా ఆగుతుంది, అప్పుడూ పైకి కనిపించేది అదే నున్నటి గొట్టం. అందుకే ఈ పనివాళ్ళు కళ్ళని నమ్మరు, చెవుల్ని నమ్ముతారు. హోరు తగ్గి, ఈల తగ్గి, చప్పుడు పూర్తిగా పోయాక అప్పుడు చెయ్యి పెట్టి పొట్టు దులుపుతారు.

మా ఆయనకి ఆ చెవుల పని తొడ చేసేది. బల్ల అంచుకి తొడ ఆనించి నిలబడేవాడు. మా పాత మిషను తిరుగుతున్నంతసేపూ దడదడలాడేది, ఆ దడ తొడలోకి వచ్చేది. స్విచ్చు కట్టేశాక దడ మెల్లగా సన్నగిల్లి, సన్నగిల్లి, పోయేది. పోయిందీ అంటే ఆగిందన్నమాట. ఆయన చూపు ఎక్కడున్నా చెయ్యి సందు మీదకెళ్ళి పొట్టు దులిపేది. ఎన్నేళ్ళుగానో అంతే, ఒక్క గోరు కూడా చిట్లలేదు.

నేను ఆయన్ని పిలిచే పద్ధతి కూడా అలాంటిదే. సిమెంటు నేల మీద రోజంతా నిలబడితే కాళ్ళు లాగుతున్నాయని మిషను ముందు ఆయనే ఓ చెక్క మెట్టు చేసుకున్నాడు. దాని మీద నిలబడే పని చేస్తాడు. గొంతు చించుకోవడం మానేసి నేను ఆ మెట్టు మీద కాలితో రెండు దెబ్బలు వేస్తాను. అరికాళ్ళలోకి వెళ్తుంది కబురు. తిరిగి చూసి "ఏమే?" అంటాడు. ఇద్దరికీ పరువు దక్కుతుంది.

ఇలా గడిచిపోతుండగా ఆ పాత మిషను బల్ల కింద ఇనుము నిలువునా పగిలింది. దాని ఆయుష్షు అంతే. మా ఆయన రెండు రోజులు దాని చుట్టూ తిరిగి, అతుకు పడదని తేల్చుకుని, మా తమ్ముడికి కబురు పెట్టాడు.

మా తమ్ముడు మిషన్లు బాగుచేస్తాడు. చిన్నప్పుడు ఓ బోల్టు మింగాడు, అది క్షేమంగానే బయటికొచ్చింది గానీ పేరు మాత్రం వాడి దగ్గరే ఉండిపోయింది. ఇప్పుడు తల నెరుస్తున్నా బోల్టే. బావా బావమరుదులిద్దరూ ఎక్కడున్నా ఒకళ్ళనొకళ్ళు పీక్కు తినడమే పని. "ఒరేయ్ బోల్టూ, నీ చేత్తో ముట్టుకున్న మిషను మళ్ళీ తిరిగినట్టు దాఖలా ఉందట్రా?" అని ఈయన. "నీ చేత్తో చేసిన కుర్చీలో కూర్చున్నవాడు లేచినట్టు ఉందా బావా?" అని వాడు. వాడు అరవడు. బావ కళ్ళెదురుగా నిలబడి, పెదాలు బాగా కదిపి చెబుతాడు. వాడి మాటొక్కటే మా ఆయనకి మొదటిసారే అందుతుంది.

మూతపడిన ఫర్నిచరు ఫ్యాక్టరీ ఒకటి ఉంటే, దాని గోడౌన్లో పడి ఉన్న చిత్రిక మిషన్ని వాడే చూసొచ్చాడు. లారీలోంచి దించుతుంటే నాకు కడుపు రగిలిపోయింది. బల్లంతా ఎర్రటి తుప్పు. కాళ్ళ సందుల్లో ఎలకల గూడు. తిప్పే చక్రం బిగుసుకుపోయి ఉంది.

"దీన్ని తెచ్చింది బాగుచెయ్యడానికా, పాతెయ్యడానికా?" అన్నాను.

"అక్కా, పైన తుప్పేగానీ లోపల ఇనుము బంగారం. ఇలాంటి పోత ఇప్పుడెవరు పోస్తున్నారు? చూస్తూండు" అన్నాడు వాడు.

చూశాను మరి. నిజం చెప్పొద్దూ, ఆ రోజులు బాగుండేవి. ఇద్దరూ మిషన్ని ఏ ముక్కకా ముక్క విప్పి షెడ్డు నిండా పరిచారు. నాకు నడవడానికి చోటు లేదు. కిరసనాయిలు వాసన ఇల్లంతా పాకింది. మా ఆయన బల్లల మీద కూర్చుని ఎమరీ కాగితంతో తుప్పు గీకేవాడు. గీకి, నూనె రాసి, మళ్ళీ గీకి, వేళ్ళతో తడిమి, "ఇక్కడ ఇంకా పల్లం ఉంది" అనేవాడు. వెంట్రుకవాసి తేడా ఆయన వేళ్ళకి తెలుస్తుంది. బోల్టు స్క్రూలన్నీ డబ్బాల్లో నానబెట్టి, బ్లేడ్లు సానపట్టించి తెచ్చి, కడ్డీని గుడ్డతో పసిపిల్లాడిని తుడిచినట్టు తుడిచి పెట్టుకున్నాడు. కడ్డీ రెండు కొసలా బేరింగులుంటాయి, లోపల ఉక్కు గుళ్ళున్న కడియాలు, వాటి మీదే కడ్డీ తిరిగేది. పాతవి చేత్తో తిప్పితే ఇసక నలిగినట్టు కరకరమన్నాయి. అవి తీసేసి మంచి కంపెనీవి, కొత్తవి వేశాడు. పాతవి పారెయ్యలేదు. ఓ డబ్బాలో పడేసి అటక మీద పెట్టాడు. మెకానిక్కులు ఏదీ పారెయ్యరు.

బ్లేడ్లు బిగించే రోజు ఓ సన్నటి బద్దని వెనక బల్ల మీద పెట్టి కడ్డీని చేత్తో తిప్పారు. బ్లేడు బద్దని పట్టుకుని కాస్త ముందుకి లాగుతుంది. ఆ బ్లేడు ఎంత లాగిందో ఈ బ్లేడూ అంతే లాగాలి, ఈ కొసనా అంతే, ఆ కొసనా అంతే. పొద్దున్న మొదలుపెట్టి ఎండ వాలేదాకా అదే పని. ఒకడు సరిపోయిందంటే ఇంకొకడు లేదంటాడు. భోజనానికి పిలిచి పిలిచి నా తల ప్రాణం తోకకొచ్చింది.

చివరికి మిషను మొదలుపెట్టిన నాడు తలుపుల షాపాయన కూడా వచ్చాడు. మేం నున్న చేసిన పలకలన్నీ ఆయన షాపుకే వెళ్తాయి. బోల్టు స్విచ్చు వేశాడు. మోటారు ఎత్తుకుంది, కడ్డీ ఎత్తుకుంది. మేం మాట్లాడుకుంటుంటే మాటలు వినపడుతున్నాయి! వాడు జేబులోంచి ఓ నాణెం తీసి, తిరుగుతున్న మిషను బల్ల మీద నిలువుగా నిలబెట్టాడు. నిలబడింది. పడలేదు. తలుపుల షాపాయన నోరు వెళ్ళబెట్టి, "నా దగ్గర షాపులో రెండు మిషన్లున్నాయయ్యా, అవీ నువ్వే చూడాలి" అన్నాడు. మా ఆయన బావమరిది వీపు మీద ఓ చరుపు చరిచి, "బోల్టుగాడే గానీ బుర్రుంది" అన్నాడు. వాడు చిన్నపిల్లాడిలా సిగ్గుపడ్డాడు. నాకు కళ్ళు చెమర్చాయి.

ఆ మర్నాడే నా గుండె జారిపోయింది.

నేను నా బల్ల దగ్గర పలక రుద్దుతున్నాను. ఆయన ఓ పలక తోసి, స్విచ్చు కట్టి, అలవాటు ప్రకారం బల్లకి తొడ ఆనించాడు. తొడకేం తెలుస్తుంది? నాణెం నిలబడే బల్లలో దడెక్కడుంటుంది? తిరిగినప్పుడూ లేదు, ఆగినప్పుడూ లేదు. నాకు మాత్రం సన్నగా ఈల వినపడుతూనే ఉంది. ఆయన కిటికీ వైపు చూస్తూ పొట్టు దులిపే బ్రష్షు తీసి సందు మీద పెట్టాడు. బ్రష్షు ఎగిరిపోయింది. చేతిలో పిడి మిగిలింది, కుచ్చు లేదు.

నేను పరుగెత్తి ఆ చెయ్యి పట్టుకుని వేళ్ళన్నీ తడిమి చూశాను. అన్నీ ఉన్నాయి. "తిరుగుతుంటే చెయ్యి పెట్టారు! ఆగలేదండీ అది!" అని మొహంలో మొహం పెట్టి అరిచాను.

"నాకు తెలుసు. బ్రష్షు జారింది" అన్నాడు.

"జారలేదు, మీరే పెట్టారు. మీకు వినపడలేదు!"

అదే, ఆ చూపు చూశాడు. పిడి మూలకి విసిరేసి ఇంకో పలక ఎత్తుకున్నాడు.

బోల్టుకి ఫోన్ చేసి ఏడ్చాను. వాడు వచ్చి ఎర్ర బల్బు ఒకటి పెట్టాడు, మిషను ఆన్‌లో ఉంటే వెలుగుతుంది. నా బొంద, స్విచ్చు కడితే బల్బూ పోయె, కడ్డీ మాత్రం తిరుగుతూనే ఉండె. అది పనికిరాదని సందు మీద అడ్డుగా ఓ రేకు మూత బిగించాడు. మర్నాటికల్లా మా ఆయన దాన్ని ఊడదీసి గోడకి తగిలించాడు. వెడల్పు పలకకి అడ్డమొస్తోందట. ఆపగానే ఆగే బ్రేకు కుదరదా అంటే, ఈ పాత పోతకి బ్రేకు పెట్టే చోటే లేదన్నాడు బోల్టు. ఆపినప్పుడు నావైపు చూడండి, నేను చెబుతాను అని నేనే బతిమాలాను. "నీకు చూపించి పని చేసేంత చేతకానివాణ్ణయ్యానా?" అన్నాడు. ఇంకేం చెప్పను? ఇన్నేళ్ళు ఏ తొడని నమ్ముకుని పది వేళ్ళూ కాపాడుకున్నాడో ఆ తొడే ఇప్పుడు అబద్ధం చెబుతోందని ఎలా ఒప్పించను? నేను రోజంతా పలక మీద చెయ్యి పెట్టి ఆయన చేతుల వైపు చూస్తూ కూర్చునేదాన్ని. ఏ పనీ సాగేది కాదు. స్విచ్చు టక్కుమన్న ప్రతిసారీ లేచి నిలబడేదాన్ని.

అప్పుడు తట్టింది నాకు. బోల్టుని వీధి మొదట్లోనే ఆపేసి, "ఆ పాత బేరింగు మళ్ళీ వేసెయ్యరా" అన్నాను.

వాడు నన్ను ఎగాదిగా చూశాడు. "మతి పోయిందా అక్కా? మంచి పన్ను పీకి పుచ్చుపన్ను పెట్టమని ఎవరైనా డాక్టర్ని అడుగుతారా?"

"నేను అడుగుతున్నాను."

"అది వేస్తే మిషను దడదడలాడుతుంది. పలక మీద అలలు పడతాయి. ఎవరు చూసినా ఏ దద్దమ్మ చేశాడీ మిషను అంటారు."

"అననీ. మీ బావ చెయ్యి ఉంటుంది" అన్నాను.

వాడు చెప్పు కొనతో మట్టి గీస్తూ నిలబడ్డాడు. వాడి పేరే వాడి పెట్టుబడి, నాకు తెలీదా? అయినా అడిగాను. బావకి చెబుదామా అన్నాడు. చెబితే వెయ్యనిస్తాడా, నీకు తెలీదా మీ బావ సంగతి అన్నాను. మా ఆయన కర్రల అడితీకి వెళ్ళిన పూట చూసి, అటక మీది డబ్బా దించి, రెంటిలో ఒక్కటి, కుడి కొసది, వేశాడు. వేస్తున్నంతసేపూ వాడి మొహం చూడలేకపోయాను.

ఆ సాయంత్రం మా ఆయన స్విచ్చు వేశాడు. బల్ల దడదడలాడింది. ఆయన తొడ ఆనించాడు. స్విచ్చు కట్టాడు. దడ సన్నగిల్లేదాకా ఆగాడు, పోయాక చెయ్యి పెట్టాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ తర్వాత ఆయన పలకని వెలుగుకి అడ్డంగా పట్టుకుని చూశాడు, వేళ్ళతో తడిమాడు. చిన్న చిన్న అలలు, బట్టలు ఉతికే బండ మీద గీతల్లా.

తలుపుల షాపాయన సరుకు కోసం వచ్చినప్పుడు బోల్టు కూడా అక్కడే ఉన్నాడు. కూలీలున్నారు, ఇరుగుపొరుగువాళ్ళున్నారు. మా ఆయన పలక ఎత్తి అందరికీ చూపించి, "మా బావమరిది పనితనం చూడండి! నాణెం నిలబెట్టి గారడీ చేశాడు, పట్టుమని పది రోజులు నిలబడలేదు. చేతకానివాడికి ఇనుము ఇస్తే ఇంతే!" అన్నాడు. ఎప్పటి ఎగతాళి కాదు, నిజంగానే అన్నాడు.

నేను నోరు తెరవబోయాను. బోల్టు నావైపు చూసి తల అడ్డంగా ఊపాడు. "చూస్తాను బావా, ఎక్కడో పొరపాటైంది" అన్నాడు, పెదాలు బాగా కదుపుతూ. తలుపుల షాపాయన మళ్ళీ తన మిషన్ల ఊసెత్తలేదు. నాలాంటి నోటిదురుసు మనిషి నోరు నొక్కుకుని నిలబడడం అదే మొదలు.

అక్కడినుంచి మాదో వింత సంసారం. నేను అలలన్నీ గరుకు కాగితంతో రుద్ది రుద్ది తీస్తాను, నా భుజాలు పడిపోయాయి. బోల్టు రోజు విడిచి రోజు "బాగుచెయ్యడానికి" వస్తాడు. వచ్చి, మిషను విప్పి, పాడైన ఆ బేరింగు మరీ పాడైపోకుండా, అలాగని బాగుపడకుండా చూసి వెళ్తాడు. కాస్త గ్రీజు ఎక్కువైతే దడ తగ్గుతుంది, తక్కువైతే కడ్డీ అరుగుతుంది. రోగాన్ని ఇంత జాగ్రత్తగా పెంచినవాణ్ణి నేనెక్కడా చూడలేదు. అది ఎప్పుడో ఒకనాడు పగులుతుందని పాత సామాన్ల దుకాణాలన్నీ తిరిగేవాడు. "మంచి బేరింగా?" అంటారట. "కాదు, పాడైంది. కానీ మరీ పాడైంది కాదు" అంటాడట. వీడికి పిచ్చి అని నవ్వుతారట. నాకు చెబుతూ వాడూ నవ్వేవాడు. నేనూ నవ్వి, మళ్ళీ పలక రుద్దడానికి లేచేదాన్ని. వాడెంత శ్రద్ధగా వస్తే మా ఆయన అంత చిరాకుపడేవాడు. "ఇన్నిసార్లు విప్పి ఏం పీకావురా?" అనేవాడు. రాను రాను వాడితో పరాచికాలు కూడా మానేశాడు. వాడికి అన్నిటికంటే గట్టి దెబ్బ అదే.

ఓరోజు మా పిన్నికి ఒంట్లో బాగోలేదంటే చూడ్డానికి వెళ్ళాను. బోల్టు కూడా నాతో వచ్చాడు. మధ్యాహ్నం వాడు బస్టాండులో దిగిపోయాడు, నేను ఇంటికొచ్చాను. షెడ్డు తలుపు తియ్యగానే ఏదో తేడాగా ఉంది. మిషను తిరుగుతోంది. దడ లేదు.

మా ఆయన మెట్టు మీద నిలబడి, మొహం చేటంత చేసుకుని నవ్వుతున్నాడు. "రావే, రా! బజారు నుంచి మెకానిక్కుని పిలిపించాను. లోపల ఓ బేరింగు కుళ్ళిపోయి ఉందట! మీవాడికి అదే కనపడలేదు. సుత్తితో నాలుగు దెబ్బలు కొడితే ముక్కలై ఊడొచ్చింది. కొత్తది తెప్పించి వేయించా. ఇక నువ్వు ఆ అలలు రుద్దక్కర్లేదే. భుజం నెప్పి, భుజం నెప్పి అని మూలుగుతున్నావుగా!"

ఆయన నా కోసం చేయించాడు. బల్ల మీద, సందుకి జానెడు దూరంలో, నాణెం నిలువుగా నిలబడి ఉంది.

"చూడు!" అని స్విచ్చు కట్టేశాడు. తొడ ఆనించాడు. సన్నగా, సన్నగా ఈల. నాకు వినపడుతోంది. ఆయన నా మొహంలోకి చూస్తూ, నవ్వుతూ, నాణెం తీసి నాకిద్దామని చెయ్యి చాపాడు.

"ఏమండీ!" అని అరిచాను. ఎంత బుద్ధిలేనిదాన్నో చూడండి, అన్నీ తెలిసి అరిచాను. అరుస్తూనే దూకి, రెండు కాళ్ళూ కలిపి మెట్టు మీద పడ్డాను. మెట్టు దద్దరిల్లింది. ఆయన చెయ్యి గాల్లో ఆగిపోయింది. నాణెం ఒరిగి, దొర్లి, సందులోకి జారింది. మరుక్షణం ఆయన భుజం పక్కనుంచి ఏదో దూసుకెళ్ళింది. వెనక గోడకున్న ట్యూబులైటు పగిలి గాజు పొడిలా రాలింది.

ఆయనకి ఆ చప్పుడేదీ వినపడలేదు. కానీ నాణెం మాయం కావడం చూశాడు, రాలుతున్న గాజు చూశాడు. మిషను వైపు చూశాడు. నున్నటి గొట్టం, కదలనట్టే ఉంది.

"తిరుగుతోందా?" అన్నాడు.

తల ఊపాను.

అరచెయ్యి సందుకి దూరంగా, బల్ల కొసన ఆనించి పెట్టాడు. తుప్పు గీకేటప్పుడు వెంట్రుకవాసి పల్లం పట్టుకున్న చెయ్యి అది. చాలాసేపు అలాగే ఉంచాడు. "నాకేం తెలీట్లేదే" అన్నాడు. ఆ గొంతు నేనెప్పుడూ విన్లేదు.

నేను ఏడుస్తున్నాను. ఆయన నన్ను చూస్తూ ఒక్కొక్కటే కూడబలుక్కున్నాడు. "ఆ రోజు బ్రష్షు?" తల ఊపాను. "ఆ తర్వాత మళ్ళీ దడ వచ్చింది... బోల్టుగాడు కావాలనే పెట్టాడా?" ఊపాను. "నువ్వే పెట్టమన్నావా?" ఊపాను. ఆయన మెట్టు మీద కూలబడిపోయాడు. "అంతమంది ముందు వాణ్ణి చేతకానివాడన్నాను కదే" అన్నాడు.

సాయంత్రం బోల్టు వచ్చాడు. మా ఆయన వాడి చెయ్యి పట్టుకున్నాడు. వాడే ఎదురుగా కూర్చుని, పెదాలు కదిపి చెప్పాడు. "ఏం పర్లేదు బావా. ఇంకో పాత బేరింగు వెతికి తెస్తాను. దొరుకుతుంది."

"వద్దురా" అన్నాడు ఆయన. "బంగారంలాంటి మిషన్ని చేశావు. నా కోసం దాన్ని పాడుచెయ్యొద్దు. పాడైంది అది కాదుగా."

బోల్టు ఆ రాత్రి తినకుండానే వెళ్ళిపోయాడు.

ఇప్పుడు మిషను బ్రహ్మాండంగా ఉంది. పలకలు అద్దంలా వస్తున్నాయి. మా ఆయనే వెళ్ళి తలుపుల షాపాయనకి చెప్పొచ్చాడు, ఏం చెప్పాడో నాకు చెప్పలేదు. షాపు మిషన్లు రెండూ బోల్టు దగ్గరికొచ్చాయి. నా భుజం నెప్పి తగ్గింది. అంతా బాగానే ఉంది.

ఆయన పలక తోస్తాడు, స్విచ్చు కడతాడు, నావైపు తిరిగి "ఆగిందా?" అంటాడు. నేను ఈల పోయేదాకా విని, లేచి వెళ్ళి, మెట్టు మీద రెండు దెబ్బలు వేస్తాను. అప్పుడు దులుపుతాడు. మళ్ళీ పలక, మళ్ళీ "ఆగిందా?". జీవితంలో ఎవర్నీ ఏదీ అడగని మనిషి. మొండిఘటం అని ఎన్నిసార్లు తిట్టుకున్నానో లెక్కలేదు. ఆ మొండితనం ఇంత త్వరగా పోతుందనుకోలేదు. తిరిగి రమ్మంటే వస్తుందా? నాకు జ్వరమొస్తే ఆ రోజు షెడ్డు తలుపు తియ్యడు. నేనే పోతే ఏమవుతుందని ఆలోచన వస్తుంది, దాన్ని అక్కడే ఆపేస్తాను.

నిన్న ఆయన పలక తోస్తుండగా బయట ఎవరో పిలిచారు. పాలిష్ డబ్బాలు తెచ్చినవాడు. వాడితో డబ్బాలు దింపించుకుని, మూతలు సరిగ్గా లేవని నాలుగు మాటలని, ఇంట్లోకెళ్ళి మంచినీళ్ళు తాగి, పొయ్యి మీద పాలు పొంగబోతుంటే దించి, అప్పుడు గుర్తొచ్చి షెడ్డులోకి పరుగెత్తాను.

షెడ్డులో ఏ చప్పుడూ లేదు. మిషను ఎప్పుడో ఆగిపోయింది. సందు నిండా పొట్టు అలాగే ఉంది. మా ఆయన మెట్టు మీద, మిషనుకి ఎదురుగా, రెండు చేతులూ వీపు వెనక కట్టుకుని నిలబడి ఉన్నాడు. నేను వెళ్ళినప్పుడు ఎలా నిలబడ్డాడో అలాగే. ఆగిపోయిన ఆ కడ్డీ వైపే చూస్తున్నాడు.

నేను దగ్గరికెళ్ళి మెట్టు మీద కాలితో రెండు దెబ్బలు వేశాను. ఆయన తిరిగి నన్ను చూసి, "ఆగిందా?" అని అడిగి, నేను తల ఊపాక, అప్పుడు చేతులు ముందుకి తెచ్చాడు.